చేతుల్లో నిద్రపోయే పాపలు

"ఇంకొక్కసారి మీ పిల్లల గోల నా గదిలోకి వినిపించిందా, ఈ ఏడాదికి వాళ్లకి లైబ్రరీ మాటే లేదు" అని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. లైబ్రరీకేమో ఆవిడ గుమ్మం ముందునుంచే వెళ్లాలి. లేకపోతే రెండో తరగతి టీచరమ్మ కిటికీ దూకించైనా తీసుకెళ్లేదే!

ఆ పిల్లలు సామాన్యులు కాదు. లైను కట్టమంటే కడతారు, బుద్ధిగా పెదవుల మీద వేలు పెడతారు, ఆ వేలు తీయకుండానే కబుర్లు మొదలెడతారు. వాళ్ల నోళ్లు మూయించబోయి టీచరమ్మ పెట్టే కేకలే అందరికంటే గట్టిగా వినిపించేవి. సగం మంది ఇళ్లలో కథల పుస్తకమన్నదే లేదు. తన చేతకానితనం వల్ల వాళ్లకి ఉన్న ఒక్క లైబ్రరీ కూడా పోతుందేమోనని ఆవిడకి ముద్ద దిగడం లేదు.

ఆ రోజు వరండాలోకి అడుగుపెట్టే ముందు, చంటిదాన్ని నిద్రపుచ్చి పిల్లిలా నడిచే తన అక్క గుర్తొచ్చింది. టీచరమ్మ రెండు చేతులూ ఉయ్యాలలా ముడిచింది.

"ఇదిగో, అందరి చేతుల్లోనూ ఒక్కో పాప ఉంది. ఇప్పుడే నిద్రపోయింది. లేచిందంటే ఊరుకోబెట్టడం నా వల్ల కాదు!"

పిల్లలూ చేతులు ముడిచారు. కబుర్లపోగని పేరుపడ్డ పిల్లయితే పాప తలని భుజం మీదికి సర్దుకుంది. లైను చప్పుడు లేకుండా కదిలింది.

అంత నిశ్శబ్దం చూసి అనుమానమొచ్చిందేమో, హెడ్మిస్ట్రెస్ తలుపు తెరిచి, "ఏమిటిది?" అంది.

"ష్!" అంది లైనంతా ఒక్కసారిగా.

టీచరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్మిస్ట్రెస్ మాత్రం కిక్కురుమనకుండా వాళ్ల వెనకాలే నడిచింది.

తీరా లైబ్రరీకి చేరాక ఒక్కరూ పుస్తకం ముట్టుకోరే!

"తీసుకోండర్రా" అంది టీచరమ్మ.

"ఎలా టీచర్? చేతులు ఖాళీ లేవుగా" అని గుసగుసలాడింది కబుర్లపోగు.

పాపల్ని ఎత్తుకోమనడమే గానీ ఎక్కడ దించాలో టీచరమ్మ ఆలోచించనే లేదు. కింద పడుకోబెట్టమంటే, "నేల మీదా?" అన్నట్టు అందరూ గుడ్లురిమారు. ఇక గోల మొదలైనట్టే అనుకుంది.

ఇంతలో హెడ్మిస్ట్రెస్ ముందుకొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, చేతులు చాపింది.

"ఇలా ఇవ్వండి, నేను చూసుకుంటాను. మీరు చదువుకోండి. వచ్చే వారం కూడా నా దగ్గరే పడుకోబెట్టండి" అంది, గొంతు బాగా తగ్గించి.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పాపని ఆవిడ ఒడిలో మెల్లగా దించి, పుస్తకాల మీద పడ్డారు.

"నీది కూడా ఇవ్వమ్మాయ్" అంది హెడ్మిస్ట్రెస్. "చేతులు నొప్పెట్టుంటాయి."

టీచరమ్మ అప్పుడు చూసుకుంది, తన చేతులింకా ముడిచే ఉన్నాయి. నిజంగా పాప ఉన్నట్టే తల కింద చెయ్యి ఆనించి, జాగ్రత్తగా అందించి, హమ్మయ్య అనుకుంది.