పన్నెండో సిట్టింగు

సుందరి కాళ్ళను పట్టీలతో బిగించి ఫిజియోథెరపిస్టు ముర్తుజా మిషన్ ఆన్ చేశాడు. దాని ఇనుప కాళ్ళు ఆమె కాళ్ళను పట్టుకుని, కింద కదిలే పట్టా మీద అడుగులు వేయించసాగాయి. గోడవార కుర్చీలో కూర్చున్న గ్రేసమ్మ కోడలి మొహం చూడటం మానేసి తెర మీది అంకెనే చూస్తోంది.

నరాల మీది పొర దెబ్బతినే జబ్బు సుందరిది. రెండేళ్ళుగా కాళ్ళు చెప్పిన మాట వినడం లేదు. ఈ మిషన్ మీద పదకొండు సిట్టింగులయ్యాయి. ఇవాళ పరీక్ష. మిషన్ సాయం తగ్గించినప్పుడు నడకలో ఆమె సొంత బలం నూటికి నలభై దాటాలి. దాటితే ఇంకో పన్నెండు సిట్టింగులు. లేకపోతే ఆ టైము వెనక కాసుకున్నవాళ్ళది. ఆస్పత్రిలో ఉన్నది ఒక్క మిషనే.

ముప్పై రెండు. ఇరవై ఎనిమిది. ఇరవై మూడు.

"మొన్న ముప్పై ఎనిమిది దాకా వచ్చింది గదా మేడమ్," అన్నాడు ముర్తుజా. "జ్వరమేమన్నా తగిలిందా?"

"లేదు."

"వేడినీళ్ళు పోసుకున్నారా?"

సుందరి తల అడ్డంగా ఊపింది. "లేదండీ."

గ్రేసమ్మ కుర్చీ అంచుకి జరిగింది. పొద్దున తనే పోసింది, పొగలు కక్కే నీళ్ళు. పురిటి స్నానాలకి పేటంతా తననే పిలుస్తారు. తను నడుం మీద కొట్టి నీళ్ళు పోస్తే ఎంత నీరసపడ్డ బాలింతయినా లేచి తిరిగేది. ఈ జబ్బుకి వేడి పడదని మొదటిరోజే కొడుకు చెబితే, "వేడికి ఒళ్ళు వదులవుద్ది గానీ చచ్చుబడుద్దంట్రా?" అని నవ్వింది. పరీక్షనాడు కోడలి కాళ్ళు తేలికపడాలని, అతను పాలకి వెళ్ళినప్పుడు కాగు దించింది.

"ఏంది ముర్తుజా, మిషన్ తేడానా?" మిషన్ పక్కనే నిలబడ్డ కొడుకు సాల్మన్ రాజు తెర మీదికి వంగాడు.

"మిషన్ బాగానే ఉందన్నా. జబ్బు తిరగబెట్టిందేమో. ఇట్టయితే ఆపమని రాయాల్సిందే." ముర్తుజా పెన్ను తీశాడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కోడలు చచ్చినా చెప్పదు.

"రాయమాకయ్యా!" గ్రేసమ్మ లేచింది. "నేనే పోశా. రెండు బకెట్లు, బాగా కాగినియ్యి."

సాల్మన్ రాజు గిరుక్కున తిరిగాడు. "నీకు చెప్పానా, లేదా? డాక్టర్లకన్నా నీకే చానా తెలుసు గదా!"

వరండాలోవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు.

"ఇంటికిపోయాక తిట్టుకోరా, ఎంతసేపైనా. అయ్యా, చల్లబడితే బలం తిరిగొచ్చుద్దా?"

"రావొచ్చు పెద్దమ్మా. పదకొండింటికి ఇంకో పేషెంటుంది. ఆలోపు చూద్దాం."

సుందరిని దించి ఏసీ కింద కూర్చోబెట్టారు. గ్రేసమ్మ తువ్వాలు చన్నీళ్ళలో ముంచి కోడలి మెడకి చుట్టింది. వేడెక్కగానే తీసి మళ్ళీ ముంచింది.

"ఎందుకు చెప్పావత్తమ్మా? ఇంక ఆయన నిన్ను ఏడాది సాధిస్తాడు," సుందరి గొణిగింది.

"సాధించనీ. నువ్వెందుకే అబద్ధమాడావు?"

"వద్దని గట్టిగా అనలేదుగా నేను కూడా. ఏమో, కాళ్ళొస్తాయేమోనని ఆశ."

పదిన్నరకి మళ్ళీ ఎక్కించారు. ఇరవై తొమ్మిది. ముప్పై నాలుగు. ముప్పై తొమ్మిది దగ్గర అంకె మొరాయించింది. సుందరి మెడనరాలు ఉబ్బాయి. గ్రేసమ్మ తడి తువ్వాలను పిండుతూనే ఉంది, అందులో చుక్క నీరు లేకపోయినా.

"ఇంకొక్క నిమిషం," అన్నాడు ముర్తుజా.

ముప్పై ఎనిమిది. నలభై. నలభై రెండు.

అతను మిషన్ ఆపి కాగితం మీద రాశాడు. "సోమవారం నుంచి ఇంకో పన్నెండు. తోడు ఒకరొస్తే చాలు."

"నేనొస్తా," అన్నాడు సాల్మన్ రాజు తల్లివైపు చూడకుండా. "పొద్దున స్నానం కూడా నేనే చేయిస్తా. నువ్వు ఆ గదిలోకి రామాక."

సుందరి ఏదో అనబోయింది. గ్రేసమ్మ వద్దన్నట్టు తలూపి, వంగి కోడలి కాళ్ళకున్న పట్టీలు ఒక్కొక్కటే విప్పసాగింది.