నాది ఉత్త దిగులే

ఆ పిచ్చాసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఎవరెక్కడ కూర్చుని తినాలో తేల్చింది డాక్టర్లు కాదు, టీచరమ్మ. బడి ఎప్పుడో మానేసింది కానీ పెత్తనం మానలేదు మహాతల్లి. కిటికీ పక్క బల్ల దిగులుతోనో, భయాలతోనో, నిద్రపట్టకో వచ్చినవాళ్ళకి. మధ్య బల్ల తాగుడు మానలేనివాళ్ళకీ, కోపం పట్టలేక చెయ్యి చేసుకునేవాళ్ళకీ. కుళాయి పక్క బల్ల చెవిలో లేనిపోని మాటలు వినిపించేవాళ్ళకి. తను కిటికీ పక్కన. తనది ఉత్త దిగులు, నలుగురిలో చెప్పుకోదగ్గ జబ్బు.

కుళాయి పక్కన కూర్చునే దర్జీ ఆవిడకి 'రేడియో' అని పేరు పెట్టింది కూడా ఈవిడే. జ్వరంతో పోయిన తన పాప గొంతు ఆవిడకి వినిపిస్తూ ఉండేది. మందులు ఒంటబట్టి ఈమధ్యే ఆ గొంతు ఆగింది. "ఏం రేడియో, ఇవాళ వార్తలు లేవా?" అని టీచరమ్మ అడిగితే కిటికీ పక్క బల్లంతా పడీ పడీ నవ్వేది. దర్జీ ఆవిడ తలొంచుకుని తినేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొత్త డాక్టరమ్మ వచ్చీ రాగానే బల్లలు మూడూ కలిపేయించింది.

ఆ వారమే టీచరమ్మ కొడుకు వచ్చాడు. తల్లిని ఇంటికి తీసుకెళ్ళడమా, ఇక్కడే ఉంచడమా అన్నది ఆరోజు తేలాలి. టీచరమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, సంచీ సర్దుకుని భోజనాల గదిలో కూర్చుంది. అవతల దర్జీ ఆవిడ గ్లాసులు తుడుస్తోంది.

"మా అమ్మది వీళ్ళ బాపతు కాదు కదండీ?" అన్నాడు కొడుకు డాక్టరమ్మతో, గొంతు తగ్గించి. చిన్నప్పట్నుంచీ తల్లి నూరిపోసిన మాటే అది.

"బాపతులు మనం కట్టుకున్న గోడలండీ," అంది డాక్టరమ్మ. "ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లో జనాన్ని అడిగి చూశారు పరిశోధకులు. దిగులూ భయమూ ఒక గుంపుగా వస్తాయి. తాగుడూ కోపమూ ఒక గుంపు. గొంతులు వినడం, అనుమానాలు ఇంకో గుంపు. వీటన్నిటి అడుగునా ఉమ్మడి మూలం కూడా ఎంతో కొంత ఉందంటారు. అంటే మీ అమ్మగారికి..."

కొడుకు మొహం మాడిపోయింది. ఇక వీడు తనని ఇంటికి తీసుకెళ్ళడనుకుంది టీచరమ్మ. డాక్టరమ్మ మాట పూర్తికాకుండానే లేచి, దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"నీ పాప పిలుస్తోందే. వినపడట్లేదూ? దాహంగా ఉందిట. అమ్మెందుకు రాలేదని ఏడుస్తోంది."

దర్జీ ఆవిడ చేతిలో గ్లాసు జారిపోయింది. బల్లల కింద వంగి వంగి పాప కోసం వెతికింది. "వస్తున్నానమ్మా, వస్తున్నా" అంటూ ఇంకో గ్లాసులో నీళ్ళు పట్టుకుని గదంతా తిరగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ పరుగున వెళ్ళి ఆవిడ భుజాలు పట్టుకుంది.

"చూశావురా? పిచ్చంటే అదీ," అంది టీచరమ్మ. "నాది ఉత్త దిగులే."

కొడుకు దర్జీ ఆవిడ వంక చూడనే లేదు. తల్లినే చూస్తున్నాడు.

"ఆవిడకి జబ్బమ్మా," అన్నాడు. "నీకేం వచ్చింది?"

డాక్టరమ్మ అక్కణ్ణుంచే, రొప్పుతూ అంది: "మీ అమ్మగారి దిగులు బాగా తగ్గింది. ఇవాళే తీసుకెళ్ళొచ్చని చెప్పబోతున్నానండీ ఇందాక."

"వద్దండీ," అన్నాడు కొడుకు. "ఇంట్లో నాకు చిన్నపిల్ల ఉంది."

సంచీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ నర్సు కోసం కేకేస్తుంటే, దర్జీ ఆవిడ విడిపించుకుని వచ్చి నీళ్ళ గ్లాసు టీచరమ్మ చేతుల్లో పెట్టింది.

"మీకూ వినిపించిందిగా టీచరమ్మా," అంది ప్రాధేయపడుతూ. "ఎటునుంచి పిలిచిందో కాస్త చెప్పరూ."