గేటు నుంచి హైవే దాకా

సాయంత్రం బెండకాయలు తరుగుతూ నేనొక విశ్వవిద్యాలయపు కీర్తిప్రతిష్ఠలను కాపాడుతుంటాను. నందిగామ దాటాక హైవేకి కొంచెం లోపలగా వెలసిన ఆ విద్యాసామ్రాజ్యంలో నేను తెలుగు అధ్యాపకురాలిని. అదనంగా, జీతం ప్రసక్తి లేకుండా, దాని ఇన్‌స్టాగ్రామ్ పేజీకి మహారాణిని. ఈ పట్టాభిషేకం డీన్ ఉమాకాంతంగారి చలవ. "ఆడవాళ్ళకైతే ఓపికుంటుందమ్మా ఆస్మా. పిల్లలు మనతో కలిసిపోవాలంటే రోజూ ఏదో ఒకటి పెడుతుండాలి" అన్నారు. ఓపికను మాకు పుట్టుకతోనే మంజూరైన ప్రభుత్వ భూమిగా ఆయన భావించి, కంచె వేసుకున్నారు.

జగ్గయ్యపేటలో మా ఆయన యూనస్ టైర్ల కొట్టు కట్టేసి వచ్చి, "ఇంటికొచ్చినా ఫోనేనా తల్లీ" అంటూ నా పక్కన టీ పెడతారు. ఆ టీ తనే కాచినట్టు వాళ్ళమ్మకు చెప్పొద్దంటారు. ఇంత మంచి మనిషి దగ్గర కూడా నేను దాచిన సంగతి ఒకటుంది.

ఒక సాయంత్రం ముగ్గుల పోటీ ఫొటోలు పెట్టగానే పేజీకి సందేశం వచ్చింది. వత్సవాయి నుంచి వచ్చే నా విద్యార్థిని సుస్మిత రాసింది. "మేడం, గేటు నుంచి హైవే బస్టాపు దాకా ఒక్క లైటూ లేదు. నిన్న బైకు మీద ఇద్దరొచ్చి నా చున్నీ లాగారు. పేజీలో పెట్టండి, నా పేరు మాత్రం వద్దు. మా నాన్నకి తెలిస్తే రేపే చదువు మానిపిస్తాడు."

డీన్‌గారికి ఫోన్ చేశాను. ఆయన శాస్త్రోక్తంగా సెలవిచ్చారు. "పేరు లేకపోతే అది పుకారమ్మా. పేరిస్తే కమిటీ వేద్దాం. అడ్మిషన్ల టైములో మనకెందుకీ గొడవ?"

పేరు చెబితే పిల్లకు చదువుండదు, చెప్పకపోతే దారికి దీపముండదు. ఈ చిక్కు నాకు కొత్తేమీ కాదు. పోయిన నెల అదే దారిలో ఒక బైకు నా చుట్టూ తిరిగింది. దాని మీదున్నవాడు అన్న మాటల్ని పదేళ్ళుగా అలంకారశాస్త్రం చెబుతున్న నేను ఏ అలంకారంలోనూ ఇమడ్చలేకపోయాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆయన కోప్పడరు. ఎంతో ప్రేమగా, నా తల నిమిరి, "మానెయ్ ఆస్మా" అంటారు. సుస్మిత వాళ్ళ నాన్న కూడా ప్రేమతోనే మానిపిస్తాడు. మా కాళ్ళకు పడే సంకెళ్ళలో పట్టుదారంతో నేసినవే ఎక్కువ.

చేతులు తుడుచుకుని పేజీలో రాశాను: "గేటు నుంచి హైవే దాకా లైట్లు లేవు. ఈ దారిలో ఆడపిల్లల వెంట పడుతున్నారు. నా వెంటా పడ్డారు. ఆస్మా, తెలుగు శాఖ."

పక్కగదిలో యూనస్ ఫోన్ మోగింది. నా పోస్టు చూసినవాళ్ళెవరో చెప్పినట్టున్నారు, కాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"మానేయమంటారని."

ఆయన కాదనలేదు. నా ఎదురుగా కూర్చుని, "సరే, అనను. రేపట్నుంచి నేనే బండి మీద వచ్చి తీసుకొస్తా" అన్నారు.

ఆ మాటలో ఉన్నంత ప్రేమ ఇంకెక్కడా దొరకదని నాకు తెలుసు. అందుకే మెల్లగా చెప్పాను.

"సాయంత్రం ఆ దారిన ముప్పై నలభై మంది ఆడపిల్లలు నడుస్తారండీ. మీ బండి మీద ఎంతమందిని ఎక్కించుకుంటారో చెప్పండి. మిగిలినవాళ్ళ కోసం నేను లైట్లడుగుతాను."