ఒకటిన్నర దగ్గర ముల్లు

ఎన్ని నీళ్లలో జాడించినా భర్త ఇజ్రాయెల్ చొక్కాల్ని పెట్రోలు వాసన వదలదు. వాటిని పిండుతున్నప్పుడల్లా యూనిస్‌కి మరిది గుర్తొస్తాడు. సుందరరావు పోయి మూడేళ్లయింది. అయినా ఆ వాసన తగిలితే చాలు, వెనకనించి "వదినా, టీ" అంటాడేమోనని తల తిప్పి చూస్తుంది.

రాయగడలో ఇజ్రాయెల్‌ది కార్ల షెడ్డు. రెండువేల ఒకటిలో ఓ పాత కారుని రేసుకి తయారుచేసేడు. ఇంజను బలం పెంచేడు, పెద్ద పెట్రోలు పంపు బిగించేడు. నడిపేది తమ్ముడు సుందరరావు. కోరాపుట్ ఘాట్ రోడ్డు మీద పరీక్షకి వెళ్లినప్పుడల్లా ఇజ్రాయెల్ యూనిస్‌ని తమ్ముడి పక్కసీట్లో కూర్చోబెట్టేవాడు. పెట్రోలు ప్రెషరు మీటర్లో ముల్లు ఎక్కడుందో ఆమె పుస్తకంలో రాయాలి. వంట ముగించి, జేకేపూర్ బడిలో పాఠాలు చెప్పి, ఆ అలసటతోనే వచ్చి కూర్చునేది.

ముల్లు మూడు మీద నిలబడాలి. టాంకు సగానికి తగ్గాక మాత్రం ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా ఒకటిన్నరకి పడిపోయేది. ఇంజను దగ్గేది. పెట్రోలు ఓ పక్కకి ఒరిగిపోయి పంపు గాలి పీలుస్తోందని, ఇన్నేళ్లు బకెట్లతో నీళ్లు మోసిన ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"పంపు ముందు ఓ చిన్న డబ్బా పెట్టండి. అదెప్పుడూ నిండుగా ఉంటే పంపుకి గాలి అందదు," అంది భర్తతో.

"రాయమన్నది రాయి. ఇంజను సంగతి నీకేటి తెలుస్తాది?"

షెడ్డులో అందరూ నవ్వేరు. సుందరరావు నవ్వలేదు. "వదిన సెప్పింది ఓసారి సూద్దారన్నయ్యా," అన్నాడు. ఎవరూ చూడలేదు.

రేసు రోజున, ఎడమ మలుపు మధ్యలో ఇంజను ఆగిపోయి, మళ్లీ ఒక్కసారిగా అందుకుంది. కారు లోయలోకి పోయింది. రోడ్డుపక్క జనంలో నిలబడి ఆ చివరి దగ్గు యూనిస్ విన్నది. ఇప్పటికీ వింటూనే ఉంది, క్లాసులో పాఠం మధ్యన కూడా.

"దుడుకుతనం. నా మాట విన్నాడు కాదు," అని ఇజ్రాయెల్ అందరికీ చెప్పేడు. ముల్లు లెక్కలు రాసిన పుస్తకం పొయ్యిలో పెట్టేడు. "ఇంటి పరువు, ఎవరితోనూ అనకు," అన్నాడు యూనిస్‌తో. "నా సిన్నోడు పొగరుకి పోయేడు," అని అత్త కమలాంబ ఏడ్చినప్పుడల్లా యూనిస్ ఆమెకి కాఫీ కలిపిచ్చింది గానీ నోరు విప్పలేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఇజ్రాయెల్ తల్లినీ భార్యనీ షెడ్డుకి తీసుకెళ్లేడు. కొత్త రేసు కారు. పంపు పక్కన తళతళలాడుతూ ఓ చిన్న డబ్బా.

"మలుపులో ప్రెషరు పడిపోకుండా నేనే కనిపెట్టేనమ్మా."

కమలాంబ ఆ డబ్బాని తడిమి చూసింది.

"సిన్నోడి బండికి ఇది నేదేటి?"

"అప్పటికెవరికీ తెల్దమ్మా."

"నాకు తెలుసత్తా," అంది యూనిస్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చెప్పేను. ఒకసారి కాదు. సుందరం తప్పేమీ లేదు."

"నోర్ముయ్!" ఇజ్రాయెల్ చేతికందిన స్పానరు నేలకేసి కొట్టేడు.

కమలాంబ కొడుకు వైపు చూడలేదు. కోడల్నే చూసింది.

"మూడేళ్లు నాసేత సచ్చినోణ్ణి తిట్టించేరమ్మీ, మీరిద్దరూ."

అందులో తన వాటాని యూనిస్ కాదనలేదు. "అవునత్తా," అంది. తర్వాత పనివాళ్లందరూ వింటూండగా, జరిగిందంతా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.