రుఖియా నోట తెలుగు

పొయ్యి మీద చాయ్ పొంగుతోంది. ఎల్లారెడ్డిలోని ఆ ఇంట్లో రుఖియా ఎప్పటిలాగే బీడీల చాట ముందేసుకొని గోడకు ఆనుకొని కూర్చుంది. కోడలు జీనత్ చాయ్ గ్లాసు చేతికిచ్చి ఏదో అడిగింది. పెదవులు కదిలాయి, గొంతు వినిపించింది, మాట మాత్రం అందలేదు. రేకుల మీద వాన పడుతుంటే అవతలి మనిషి మాట ఎలా కలిసిపోతుందో అలా, అంతా ఒకటే హోరు. అందులో భయం కూడా లేదు, ఎక్కడికో తేలిపోతున్నట్టు హాయిగానే ఉంది. కుడిచేతిలోని గ్లాసు జారి వేడి చాయ్ ఒడిలో ఒలికితే గాని ఆమె ఉలిక్కిపడలేదు.

కొన్నాళ్లు ఆ మగతలోనే గడిచాయి. ఆ తర్వాత ఒకనాడు నోరు తెరిచి మంచినీళ్లు అడిగింది. అడిగింది గాని, తెలుగులో అడిగింది.

ఆ ఇంట్లో ఉర్దూ తప్ప మరో భాష మాట్లాడరు. రుఖియా కొడుకుకు జోల పాడింది ఉర్దూలో, నమాజు తర్వాత తన గోడు చెప్పుకునేది ఉర్దూలో. తెలుగు ఆమెకు బీడీల దగ్గర అంటుకున్న భాష. చిన్నపిల్లగా పక్కింటి రామవ్వ దగ్గర కూర్చొని తునికాకు కత్తిరించడం నేర్చుకుంటూ, ఆకుతో పాటే తెలుగూ నేర్చుకుంది. అందుకే రామవ్వ యాసే ఈమె యాస. ఆ రామవ్వ నిరుడు కాలం చేసింది.

ఇంకేముంది, వాడకట్టుకు కావలసినంత కథ దొరికింది. రామవ్వ దయ్యమై పట్టిందని తేల్చేశారు. ఆ మాట ముందుగా పుట్టించింది రామవ్వ చుట్టాలే. నమ్మడంలో మాత్రం ఈ మతం ఆ మతం అన్న తేడా లేకపోయింది. ఇటువంటి వాటిలో మనవాళ్ల ఐకమత్యం చూడముచ్చటగా ఉంటుంది!

కొడుకు ఖైసర్‌కు బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం. తల్లి ముందు నిలబడి ఉర్దూలో గట్టిగా అరిచేవాడు. ఆమె తెల్లమొహం వేసేది. గోడ అవతల ఎవరైనా తెలుగులో పలికితే మాత్రం ఠక్కున జవాబిచ్చేది. దయ్యానికి ఇంతకంటే రుజువేం కావాలనుకున్నాడు పాపం. మనవణ్ణి ఆమె ఒడిలోంచి తీసేశారు. మద్నూరు దాటాక ఒక భూతవైద్యుడున్నాడని, ఇలాంటివాళ్లను గొలుసుతో కట్టేసి బాగుచేస్తాడని ఎవరో చెబితే, గురువారానికి ఆటో కూడా మాట్లాడాడు.

రుఖియాకు ఇదంతా కలలో జరుగుతున్నట్టుండేది. తునికాకు వాసన పాతదే. మనవడి నెత్తి మీది నూనె వాసన పాతదే. కొడుకు కోపం వెనక ఏడుపు దాగుందని కూడా ఆమెకు తెలుస్తూనే ఉంది. వాణ్ణి తన భాషలో దగ్గరికి పిలవాలని నోరు తెరిచేది. మాట నాలుక దాకా వచ్చి కరిగిపోయేది.

అడ్డం తిరిగింది జీనతే. దయ్యం పడితే నోరు పట్టాలి గాని అత్త కుడిచెయ్యి ఎందుకు పట్టు తప్పిందని మొగుణ్ణి నిలదీసింది. కామారెడ్డిలో డాక్టరుకు చూపించాకే ఎక్కడికైనా అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

బస్సులో రుఖియా కిటికీ పక్కన కూర్చుంది. పచ్చటి పొలాలు వెనక్కి జారిపోతున్నాయి. వెనక సీట్లో ఎవరో మక్కజొన్నల ధర గురించి, ఎవరో బిడ్డ పెళ్లి గురించి మాట్లాడుకుంటుంటే, ఆ పరాయి మాటలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆమె ఒళ్లో వాలాయి. పక్కనే కూర్చున్న కొడుకు మాట మాత్రం ఉట్టి చప్పుడు. ఎంత దిగులేసిందో ఆ తల్లికి!

కామారెడ్డిలో డాక్టరు తల స్కాన్ తీయించి, మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందని, రావడం ఆలస్యమైందని చెప్పాడు. మందులు రాసి, మాట పోయినవాళ్లకు మాట నేర్పే అనిల దగ్గరికి పంపాడు. ఖైసర్ దయ్యం సంగతీ, గొలుసు సంగతీ ఆమెకు దాచకుండా చెప్పాడు. అనిల తలుపు మూసింది, ఫ్యాను ఆపింది, రుఖియాకు ఎదురుగా కూర్చొని నెమ్మదిగా అడిగింది.

"అవ్వా, నీకేమైతుంది?"

రుఖియా ఆమె వైపు వంగింది. "చప్పుడు ఇనొస్తుంది బిడ్డా. మావోళ్ల మాటలే తెలుస్తలేవు. నా కొడుకు మొత్తుకుంటడు. ఎందుకో తెల్వది. నన్ను యాడనో ఇడిసిపెడతడని భయమైతుంది."

ఖైసర్ గోడకు చేరగిలబడ్డాడు. దుకాణంలో పొద్దస్తమానం తెలుగు మాట్లాడేవాడికి అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు. ఇన్నాళ్లూ రామవ్వ మాటలనుకొని చెవిన పెట్టనేలేదు.

అనిల అతని వైపు తిరిగింది. "చెవులు మంచిగనే ఉన్నయన్నా. చెవి పంపిన చప్పుడును మెదడే మాటలుగ ఏరుకుంటది. ఆ జాగకు దెబ్బ తగిలింది. రెండు భాషలొచ్చినోళ్లకు రెండూ ఒక్కతీరుగ దెబ్బతినాలని లేదు. ఒక్కోసారి బయట నేర్చిందే ముందుగాల తిరిగొస్తది. ఉర్దూ ఎంత వస్తదో ఇప్పుడే చెప్పలేం. అందాక తెలిసిన మాటల్నే, ఎదురుంగ కూసొని, మెల్లగ మాట్లాడుర్రి. గొలుసు కడితే ఈ ఉన్న మాట సుత పోతది."

ఖైసర్ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెతో తెలుగు మాట్లాడి ఎరగడు. కొత్త మనిషితో మాట్లాడినట్టు సిగ్గేసింది.

"అవ్వా, నిన్ను యాడికీ పంప. ఇంటికి పోదాం పా."

ఎన్నాళ్లకో కొడుకు మాట చెదరకుండా, కరగకుండా ఆమెను చేరింది. రుఖియా ఎడమచెయ్యి చాపి వాడి చెంప తడిమింది.

మాట పోయిన మనిషికి మనసు పోలేదయ్యా; ఆమెకు తెలిసే మాట వెతకడం మాని గొలుసు వెతికే మనకే ముందుగా వైద్యం కావాలి.