కమలాపండు వేళ్లు

కొత్త డాక్టరమ్మకు పెళ్లయి నలభై రోజులు, ఉద్యోగంలో చేరి ఇరవై. రెండు చోట్లా ఏ వస్తువు ఎక్కడుంటుందో ఇంకా తెలియదు. కానీ ఆ రోజు ఆమె బుర్ర తినేస్తున్నది ఏడో మంచం తాతగారి షుగరు. పొద్దున్న పరగడుపున చూస్తే బుద్ధిగా నూట పదిహేను. మధ్యాహ్నం భోజనానికి ముందు చూస్తే మూడొందలు! రెండు రోజులు అలాగే ఉండేసరికి, పొద్దుటి ఇన్సులిన్ మోతాదు తనే పెంచింది. ఇవాళ నర్సు చూస్తే మళ్లీ మూడొందల పది.

"తాతగారూ, నిజం చెప్పండి. దొంగచాటుగా ఏం తింటున్నారు?"

"ఒట్టు తల్లీ! గాలి తప్ప ఏమీ మింగలేదు."

ఇంకాస్త పెంచుదామని ఆమె పెన్ను తీసింది. అంతలో హెడ్ నర్సు ఒక స్టూలు లాక్కొచ్చి మంచం పక్కన వేసింది. కొత్త డాక్టర్లకు ఆవిడ పెట్టిన రూలు అది. అంతుపట్టని అంకె కనిపిస్తే, మందు రాసేముందు పది నిమిషాలు కూర్చోవాలి. ఏమీ అడగకూడదు, చూడాలంతే.

"పది నిమిషాలా? మా ఆయన్ని ఒప్పుకోవడానికి కూడా అంతసేపు పట్టలేదు సిస్టర్!"

"అందుకే చెబుతున్నా, కూర్చో అమ్మా."

కూర్చుంది. తాతగారి భార్య రోజూ నర్సు షుగరు చూసే వేళకు ముందే వస్తుంది. ఆవిడ వేళ్లు కణుపుల దగ్గర వంకర తిరిగిపోయాయి. తాతగారు అప్పటికే రెండో కమలాపండు ఒలిచి, తెల్లటి పీచంతా ఓపిగ్గా తీసి, ఒక్కో తొన ఆవిడ చేతిలో పెడుతున్నాడు.

"గింజ ఉంటుంది, చూసుకో."

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పాట. ఒక్క గింజైనా మింగానా?"

తాతగారు మాత్రం ఒక్క తొన నోట్లో వేసుకోలేదు. డాక్టరమ్మకు భలే ముచ్చటేసింది. ఇంటికెళ్లి తనూ ఒక పండు ఒలిపించుకోవాలనుకుంది. అప్పుడు చూసింది, తాతగారి వేళ్ల కొసలు రసంతో నిగనిగలాడుతున్నాయి. ఇందాక నర్సు సూది గుచ్చింది ఆ వేళ్లలో ఒకదానికే!

వెంటనే లేచింది. సబ్బుతో చేతులు కడిగించి, శుభ్రంగా తుడిచి, మళ్లీ గుచ్చింది.

అరవై రెండు.

"అందుకా ఇందాకట్నుంచీ వణుకు!" అన్నాడు తాతగారు. "ముసలితనం అనుకున్నా."

గబగబా గ్లూకోజు నీళ్లు తాగించింది. పావుగంటకు తొంభై ఐదుకొచ్చింది. ఇంకాస్త పెంచి ఉంటే?

పెద్ద డాక్టరు రౌండ్‌కి వచ్చాడు. మాట్లాడకుండా ఊరుకుంటే సరిపోయేది. కానీ రేపు ఇంకో కొత్త డాక్టరు ఇదే పని చేస్తే?

"నిన్న ఇన్సులిన్ అనవసరంగా పెంచాను సార్. ఆ షుగరు రక్తంలోది కాదు, వేలి మీదది," అని జరిగిందంతా చెప్పింది.

పెద్దాయన మంచానికి తగిలించిన చార్టు అందుకున్నాడు. "పెంచింది తీసెయ్. సాయంత్రం దాకా గంటకోసారి చూడు."

"అలాగే సార్."

"ఒక్క పండు రసం అంత పని చేస్తుందా?"

"చేసింది సార్."

ఆయన అటూ ఇటూ చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, చూపుడువేలు ముందుకు చాచాడు.

"ఏదీ, నా వేలికి ఆ రసం కాస్త రాయి. చూద్దాం."