కొండయ్య మడికి రెండు వంతులు

యాకోబు నీరుకట్టు. కంభం చెరువు కింద కొసకాలువ మీద నలభై మళ్లున్నాయి. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి మడికి నీళ్లు దిగే మడవ ఎంతసేపు తెరవాలో చెప్పేది అతనే. పారతో తెరిచేదీ మూసేదీ అతనే. నలభై ఏళ్లుగా కాగితం ముట్టలేదు. వరుసంతా తలలోనే. ఆ తల మీద అతనికి ఉన్న గర్వం ఊళ్లో ఇంకెవరికీ దేనిమీదా లేదు. భార్య దానమ్మ పోయాక అతనికి మిగిలింది ఆ పనొక్కటే.

కూతురు సామ్రాజ్యం మాత్రం నాట్లప్పటి నుంచి అతని మీద ఒక కన్నేసి ఉంచింది. గంటలో తిరిగొచ్చే కాలువకు నాయన రెండు గంటలు తీసుకుంటున్నాడు. టీకి గిన్నె పొయ్యి మీద పెట్టి, పాలకని బయటికి పోయి, ఉత్తచేతులతో వచ్చి కూర్చుంటున్నాడు. బడిలో ముసలివాళ్లకు మతిమరుపు పరీక్షలు చేస్తున్నారంటే లాక్కుపోయింది. నర్సమ్మ వారమడిగితే చెప్పాడు. ఐదు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి అడిగితే ఐదూ చెప్పాడు. వందలోంచి ఏడేడు తీసేయమంటే ఆమెకంటే ముందే తీశాడు.

"చూసినావా? నీ నాయన తల ఇంకా గట్టిదే" అన్నాడు దారిలో.

"నోటితో ఎవరైనా చెప్తారు నాయనా. రోజూ చేసే పని ఎట్ల చేస్తాండాడో చూడమనింది నర్సమ్మ."

"నా పనిలో వంక పట్టేటోడు పుట్టలేదు."

ఒకడు పుట్టాడు. కొండయ్య. పద్దెనిమిదేళ్ల కిందట రైతులందరి ముందూ "యాకోబు నీళ్లమ్ముకుంటాండాడు" అన్నాడు. రుజువు చూపలేదు. మాట వెనక్కి తీసుకోనూ లేదు. అప్పటి నుంచి యాకోబు అతనితో మాట్లాడలేదు. వంతు తప్పించలేదు, వంతు దాటి చుక్క పడనివ్వలేదు. క్షమించమని పాస్టరుగారు ఆదివారం ఆదివారం చెబుతారు. యాకోబు వింటాడు. లేచి వచ్చేస్తాడు.

అలాంటి కొండయ్య మంగళవారం పొద్దున యాకోబు వాకిట్లో నిలబడ్డాడు.

"శనివారం నా మడికి నీళ్లు పెట్టినావు. నిన్న మళ్లీ పెట్టినావు. పక్కన రాములమ్మ మడి నెర్రెలిచ్చింది."

యాకోబు కూతురి వైపు తిరిగాడు. "అబద్ధమని చెప్పు."

"అబద్ధమాడేటోడినైతే నోరు మూసుకొని పారించుకోనా?" అన్నాడు కొండయ్య. "నేను చచ్చేటప్పుడు గొంతులో గూడ నువ్వు చుక్క పొయ్యవు. అట్లాంటోడివి రెండు వంతులిచ్చినావంటే నీకేదో అయింది. డాక్టరుకు చూపించుకో. జబ్బు మనిషి దగ్గర కొట్టేసిన నీళ్లు నాకొద్దు."

అతను వెళ్లిపోయాడు. యాకోబు పార భుజాన వేసుకున్నాడు. "రాయే, రాములమ్మ మడికి నీళ్లు పెడదాం. దారిలో వరుస చెప్తా. తప్పుంటే పట్టు."

సామ్రాజ్యం వెంట నడిచింది. గట్టు మీద అతను నలభై పేర్లూ చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. చివరి పేరు చెబుతూనే వంగి పారతో మడవ తెరిచాడు. నీళ్లు గలగలమని దిగాయి.

"ఏందే, మాట్లాడవు?"

"నాయనా... ఇది రాములమ్మ మడి గాదు."

యాకోబు చూశాడు. కొండయ్య మడి. నీళ్లు నిండుగా మెరుస్తున్నాయి. అతను మడవ మూసి, మట్టి గట్టిగా తొక్కాడు. రాములమ్మ మడవ కూతురి చేత తెరిపించాడు.

ఆ సాయంత్రం తూము దగ్గరికి రైతులను అతనే పిలిపించాడు.

"కొండయ్యకు రెండో వంతు ఇచ్చింది నేనే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలే. నా తల తప్పింది. మీకు ఇంకొకడు చెప్పకముందే నేనే చెప్తాండా. కొండయ్యకు వచ్చే వంతు లేదు, అది రాములమ్మది. రేపటి నుంచి పార సామ్రాజ్యానిది. నేను ఎనకాల నడుస్తా."

"ఆడమనిషి కాలువ తిప్పేదేంది మామా?" అన్నాడు కాలువ చివరి మడి రైతు కృష్ణయ్య.

"నలభై ఏండ్లలో నీ కొసమడి ఒక్కనాడన్నా ఎండిందా?"

"లేదు."

"ఎట్ల ఎండలేదో చూసి నేర్చుకున్నది అదొక్కతే. పోనీ నీ కొడుకును పంపు, పొద్దున్నే బురదలోకి దిగుతాడేమో."

అందరూ నవ్వారు. కృష్ణయ్య కొడుకు పది గంటలకు గానీ లేవడు.

కొండయ్య లేచాడు. "నీళ్లమ్ముకునేటోడు ఇట్ల నిలబడి చెప్పడు. అప్పుడు నేనన్న మాట తప్పు యాకోబూ."

యాకోబు పద్దెనిమిదేళ్లలో మొదటిసారి అతని మొహంలోకి చూసి మాట్లాడాడు. "నా తప్పు తెలుసుకునేదానికి నాకు ఒక పూట పట్టింది. నీకు పద్దెనిమిదేండ్లు పట్టింది. మనిద్దరిలో ఎవరు డాక్టరుకు చూపించుకోవాల్నో నువ్వే చెప్పు."

కొండయ్య చెయ్యి చాచాడు. యాకోబు అది పట్టుకోలేదు.

మర్నాటి నుంచి గట్టు మీద ముందు సామ్రాజ్యం, వెనక యాకోబు. అతను పేరు చెప్పేవాడు, ఆమె మడవ తెరిచేది. ఏ పేరైనా రావడం ఆలస్యమైతే ఆగేది. వెనక్కి మాత్రం తిరిగి చూసేది కాదు. ఆ ఏడు కొసమడి దాకా ఏ మడీ ఎండలేదు.